రాష్ట్రపు అప్పునకు హద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

   

ఈ రజతోత్సవ సభయందు పెద్దలు పలువురు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు మధురముగా ప్రసంగించిరి. నాకు నిర్ణయింపబడిన విషయము అంత మధురమైనది కాదు. అది అప్పు. అదియు ఒకరి యింటి అప్పు కాదు, రాష్ట్రపు అప్పు. దానికొక హద్దు ఉండవలెనా, ఉన్నచో ఆ హద్దును నిర్ణయించువారెవరు, దానిని జరుపువారెవరు, జరిపినప్పుడు మనకు తెలియునా యనునవి నేడు నేను మీతో ఆలోచింపదలచిన ప్రశ్నలు.

నేను లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను. తీరిక వేళల భారత భాగవతములను నాయంతట నేను చదువుకొన్నవాడను. ఆర్థికశాస్త్ర పండితుడను గాను. కావున చిట్టా ఆవర్జాలు తెలిసిన మనుష్యునకు అర్థమగునంతమేరకే చెప్పెదను. అంతకు మించినది నాకును అక్కరలేదు, మీకును అక్కరలేదు. రాష్ట్రము లెక్కయైనను మన లెక్కవంటిదే. జమ యుండును, ఖర్చుండును, నిల్వ యుండును, బాకీ యుండును. అంకెలకు సున్నలెక్కువ, అంతియే భేదము.

మన పూర్వులకు అప్పు చిన్న విషయము కాదు. మనుష్యుడు పుట్టుటతోడనే దేవఋణము, ఋషిఋణము, పితృఋణమని మూడు ఋణములతో పుట్టునని చెప్పిరి. యక్షుడు ధర్మరాజును సుఖి యెవడని యడిగినప్పుడు, అప్పు లేక, పరదేశవాసము లేక, తన యింట ఇంత కూర వండుకొని తినువాడే సుఖి యని ధర్మరాజు బదులు చెప్పెను. అది గృహస్థుని మాట. రాజు మాట సభాపర్వమున గలదు. నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి ప్రశ్నలు వేయుచు, నీ ఆయములో ఎంత పాలు వ్యయమగుచున్నది, సగమా, పాతికయా, ముప్పాతికయా యని యడిగెను. గణకులును లేఖకులును ప్రతిదినము ప్రొద్దుననే నీ ఆయవ్యయములను సరిచూచి చెప్పుచున్నారా యని యడిగెను. కర్షకులకు నూటికొకటి వడ్డీతో ఋణమిచ్చుచున్నావా యని యడిగెను. గమనింపుడు: దేవర్షి యంతటివాడు రాజసభకు వచ్చి లెక్కలడిగినాడు, చక్రవర్తి యంతటివాడు కోపింపక విన్నాడు. అడుగుట తప్పు కాదనియు, వినుట చిన్నతనము కాదనియు అందలి తాత్పర్యము.

అడుగువారు లేనిచో ఏమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన పరిటాల కథయే చాలును. 1766లో నిజాము ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించినప్పుడు, వజ్రపు గనులున్న గ్రామములను తనకే ఉంచుకొనెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ కారణముచేతనే చుట్టును కంపెనీ సీమ యుండగా నడుమ మన పరిటాల మాత్రము నైజాము క్రింద నిలిచినది. సర్కారులకు బదులుగా కంపెనీవారు నిజామునకు ఏటేట పేష్కషు చెల్లింపవలసియుండెను. అది కాలక్రమమున ఏటికి 7 లక్షల రూపాయలుగా స్థిరపడినది. మన చుట్టుపట్ల నున్న కొండపల్లి సర్కారు శిస్తు సొమ్ము సైతము అందులో చేరియుండెను.

ఆ పేష్కషు ఏమైనదో వినుడు. హైదరాబాదులో పామరు కంపెనీ యను వడ్డీ వ్యాపార సంస్థ యొకటి వెలసినది. స్వదేశ సంస్థానాధీశులకు ఐరోపావారు అప్పులీయరాదని అంతకుముందే బ్రిటిషు పార్లమెంటు శాసనము చేసియుండెను; గవర్నరు జనరలు అనుమతి యున్నచో మాత్రము ఈయవచ్చును. 1816లో హేస్టింగ్సు ప్రభువు ఈ సంస్థకు ఆ అనుమతి నిచ్చెను. చందూలాలు పరిపాలనలో నిజాము సర్కారు ఆ సంస్థవద్ద అప్పుపై అప్పు చేసినది. వడ్డీ నూటికి ఇరువదికి మించినది. 1820లో 60 లక్షల అప్పొకటి వ్రాసికొనిరి. అందులో 8 లక్షలు నిజాము ఖజానా ముఖము చూడనే లేదు. అది భాగస్థులకు బహుమానము! ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు ఈ లెక్కలు చదివి గుట్టు బయటపెట్టెను. తుదకు 1823లో కంపెనీవారు ఏటేట ఇయ్యవలసిన పేష్కషునకు మూలధనము కట్టి, కోటికి పైబడిన మొత్తము నొక్కసారిగా చెల్లించిరి. ఆ సొమ్ము పామరు కంపెనీ అప్పునకు పోయినది. శాశ్వతముగా రావలసిన ఆయము, తాత్కాలికముగా తిన్న అప్పునకు ఆహుతియైనది.

కథ అంతటితో ముగియలేదు. సైన్యపు జీతముల బాకీ పేరుతో కంపెనీవారికి మరల అప్పు పెరిగినది. 1853లో ఆ బాకీ క్రింద బీరారు ప్రాంతమును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివమును నిజాము కంపెనీవారి స్వాధీనము చేయవలసివచ్చినది. 1860లో మిగిలినవి తిరిగి వచ్చినవి గాని, బీరారు రాలేదు. 1902లో ఏటికి 25 లక్షలకు దానిని శాశ్వతపు కౌలుగా వ్రాసియిచ్చిరి. ప్రత్తి పండు నల్లరేగడి సీమ యది. అచ్చటి రైతు ఒక్క తమస్సుకుపైనను వ్రేలిముద్ర వేయలేదు. అయినను తాకట్టు పడినది అతని పొలమే.

ఈ చరిత్రలో రెండు సంగతులు మనస్సున నుంచుకొనవలెను. మొదటిది: హద్దు లేక కాదు, శాసనరూపమున హద్దున్నది. దానిని దాటుటకు అనుమతి యిచ్చు అధికారమొకటి యుండుటచేత హద్దు హద్దు కాకపోయినది. రెండవది: ఆ అప్పును పట్టుకొన్నది సైన్యము కాదు, న్యాయస్థానము కాదు, లెక్క చదివిన యొక మనుష్యుడు. ఈ రెండును మరల వచ్చును.

ఇక సముద్రములు దాటి యొక్కమారు అమెరికా వంక చూతము. ఏలయన, అప్పునకు హద్దును ప్రజల ఓటుచేత కట్టు పద్ధతి అచ్చట బలముగా వేరూనినది. 1830 ప్రాంతమున అచ్చటి రాష్ట్రములు కాలువలకు, రైలుమార్గములకు, బ్యాంకులకు విచ్చలవిడిగా అప్పులు చేసినవి. 1841 మొదలు 1843 వరకు గల కాలములో ఎనిమిది రాష్ట్రములును, ఫ్లారిడా ప్రాంతమును వడ్డీ కట్టలేక చేతులెత్తినవి. మిసిసిపీ రాష్ట్రము అసలు అప్పునే కాదనినది. అప్పుడు ప్రజలకు కనువిప్పు కలిగినది. రాష్ట్రము తరువాత రాష్ట్రము తన రాజ్యాంగమును తిరిగి వ్రాసికొని, ఇంతకు మించి అప్పు చేయవలెనన్నచో ప్రజలను ఓటడిగి తీరవలెనని నియమించుకొన్నవి.

అందులో న్యూజెర్సీ రాష్ట్రమును ప్రత్యేకముగా చెప్పుదును. ఎడిసన్ మొదలగు పట్టణములలో తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన రాష్ట్రమది. మన తాలూకాలనుండి పోయిన పిల్లలును అచ్చట నున్నారు. వారిలో ఆ దేశపు పౌరసత్వము పొందినవారు, ఎన్నికనాడు అభ్యర్థుల పేర్లతోబాటు, రాష్ట్రము ఫలాని పనికి ఇంత అప్పు చేయవచ్చునా యను ప్రశ్నను గూడ ఓటు కాగితముపై చూచుచున్నారు. 1844 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగము లక్ష డాలర్లకు మించిన అప్పునకు ప్రజల ఓటు కావలెననినది. 1947 నాటి రాజ్యాంగము ఆ సంవత్సరపు ఖర్చు మంజూరులో నూటికొకవంతును హద్దుగా పెట్టినది.

ప్రభుత్వములు మాత్రము తెలివిలేనివి కావు. అప్పు రాష్ట్రము పేర చేసినగదా ఓటడుగవలెను? కావున సంస్థలను స్థాపించి, వానిచేత అప్పు చేయించి, వడ్డీ మాత్రము రాష్ట్రపు ఖజానానుండి కట్టుచు వచ్చిరి. కోర్టుకు పోయినవారికి అనుకూలముగా తీర్పు రాలేదు. తుదకు 2008 నవంబరులో, ఖజానా తీర్చవలసిన అప్పు ఏ సంస్థ పేర నున్నను దానికి ప్రజల ఓటు కావలెనను సవరణను ప్రజలే ఓటు వేసి నెగ్గించుకొనిరి. అయినను సందు పూర్తిగా మూయబడలేదు. యుద్ధము, ఉపద్రవము వచ్చినప్పుడు ఓటక్కరలేదని నియమమున్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు 990 కోట్ల డాలర్లవరకు ఓటు లేకయే అప్పు చేయవచ్చునని ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆగస్టులో తీర్పు చెప్పినది.

స్విట్జర్లాండు దేశమును ఇట్టిదే. 2001 డిసెంబరు 2వ తేదీన జరిగిన ఓటింగులో నూటికి ఇంచుమించు 85 మంది, అప్పునకు కళ్లెము వేయు రాజ్యాంగ సవరణకు అనుకూలముగా ఓటు వేసిరి. రాబడి బాగుగ నున్న యేండ్ల మిగులుతో, బాగుగ లేని యేండ్ల లోటును పూడ్చవలెనన్నదే ఆ కళ్లెపు సారము. మన పెద్దలు గాదెలో గింజ దాచిన పద్ధతియే యిది.

ఇప్పుడు మన యింటికి వత్తము. మన రాజ్యాంగమున 293వ అధికరణము రాష్ట్రముల అప్పును గూర్చినది. రాష్ట్రప్రభుత్వము తన సంచితనిధి హామీపై దేశములోపల అప్పు చేయవచ్చును. శాసనసభ యేదైన హద్దు నిర్ణయించినచో ఆ హద్దులో చేయవలెను. నిర్ణయింపవలసినదే యని అందు లేదు. ఇది యొక సంగతి. రాష్ట్రము కేంద్రమునకు బాకీ యున్నంతవరకు, కేంద్రము అనుమతి లేక క్రొత్త అప్పు చేయరాదు. ఆ అనుమతికి కేంద్రము షరతులు పెట్టవచ్చును. ఇది రెండవ సంగతి. రాష్ట్రములు కేంద్రమునకు బాకీ యుండుట పరిపాటి. కావున తాళము ఆచరణలో ఢిల్లీలో నున్నది. ప్రజల ఓటు మాట ఎక్కడను లేదు. మన పక్షమున శాసనసభ్యులే ఓటు వేయుదురు.

శాసనసభ హద్దు కట్టుకొన్నది 2005లో. రంగరాజన్ గారి అధ్యక్షతన పండ్రెండవ ఆర్థిక సంఘము, హద్దు కట్టుకొన్న రాష్ట్రములకు పాత బాకీలో సడలింపు ఇప్పింతుమనినది. అప్పుడు మన రాష్ట్రము ద్రవ్య బాధ్యత శాసనమును చేసినది. దాని ముఖ్యసూత్రము, లోటు రాష్ట్రపు స్థూల ఉత్పత్తిలో నూటికి 3 వంతులకు మించరాదనుట.

ఈ నూటికి 3 అనుమాట మోసపుచ్చును. కొంచెము విప్పి చెప్పెదను. ఇది ప్రభుత్వపు రాబడిలో మూడువంతులు కాదు. రాష్ట్రములోని జనులందరును ఒక సంవత్సరము పండించిన పంట, చేసిన పని, నడిపిన వ్యాపారము, వీని మొత్తపు విలువలో మూడు వంతులు. మన మెరక పొలములోని మిరప, ప్రత్తి, కూలివాని చెమట, కొట్టువాని లాభము, లారీవాని కిరాయి అన్నియు అందున్నవి. ఆ విలువ 15 లక్షల కోట్లనుకొందము. అప్పుడు హద్దు ఏటికి 45 వేల కోట్లు. అనగా మన కష్టము పెరిగినకొలది వారి అప్పు చేయు హక్కు పెరుగును. ఉత్పత్తి అంచనా పెంచి వ్రాసినను పెరుగును. ఒక రైతు తన పంట విలువను చూపి అప్పు తెచ్చుకొనవచ్చును. ఇచ్చట తెచ్చువాడు వేరు, పంట వేరొకనిది.

ఈ హద్దు 2020లో జరిగినది. కరోనా కారణముగా కేంద్రము, ఆ సంవత్సరమునకు 3 వంతులను 5 వంతులు చేసినది. అర వంతునకు షరతు లేదు. ఒక వంతును నాలుగు పావులు చేసి, ఒక్కొక్క పావునకు ఒక్కొక్క సంస్కరణ ముడిపెట్టిరి: దేశమంతట చెల్లు రేషను కార్డు, వ్యాపార సౌలభ్యము, పట్టణముల ఆదాయము, విద్యుత్ పంపిణీ. నాలుగింట మూడు చేసినవారికి చివరి అర వంతు. విద్యుత్తు షరతులో, రైతునకిచ్చు రాయితీని నగదుగా అతని ఖాతాలో వేయుట యొకటి. నగదు వేయవలెనన్న వాడకము కొలువవలెను, కొలువవలెనన్న మీటరుండవలెను. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రము ఆ పద్ధతికి ఉత్తరువిచ్చినది. తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయపు మోటార్లకు మీటర్లు బిగింపనని చెప్పి, అదనపు అప్పు పోయినను పోనిమ్మనినది. రెండింట ఏది మంచిదని నేను తీర్పు చెప్పను. బోరు మోటారుకు మీటరు వచ్చునను వార్త విని మన రైతు కలతపడెను గదా, ఆ వార్త వెనుక నున్నది రాష్ట్రపు అప్పు హద్దని ఎంతమందికి తెలిసెను? పామరు కంపెనీ నాడు బీరారు రైతునకు తెలియలేదు. నేడు పత్రికలున్నను, గ్రంథాలయములున్నను మనకు తెలియకపోయినచో ఆ తప్పు ఎవరిది?

సంస్థల మాటయు న్యూజెర్సీకే పరిమితము కాదు. 2018లో రాజధాని ప్రాధికార సంస్థ అమరావతి బాండ్లను నూటికి 10 రూపాయల 32 పైసల వడ్డీతో విక్రయించి 2,000 కోట్లు తెచ్చినది. 2020లో రాష్ట్రాభివృద్ధి సంస్థ యొకటి వెలసి, మద్యముపై వచ్చు రాబడి నాధారముగ జూపి బ్యాంకులవద్ద అప్పు చేసినది. తెలంగాణమున కాళేశ్వరము పథకమునకు వేరుగ ఒక సంస్థ పేర అప్పు తెచ్చిరి. ఇందు ఈ పక్షము, ఆ పక్షము అను భేదము లేదు. అధికారమునకు వచ్చిన ప్రతివారును ఈ త్రోవ నెరుగుదురు. అట్టి అప్పులకు ప్రభుత్వమిచ్చు హామీలకును శాసనములో హద్దున్నది. అది ముందటి యేటి రాబడిలో నూటికి 90 వంతులుగా నుండెను. 2021లో మన శాసనసభ దానిని 180 చేసినది. ఒక్క సవరణతో రెండింతలు! ఊరిలో ఒకడు తన ఆదాయమునకు రెండింతల మొత్తమునకు పొరుగువారి నోట్లపై హామీ సంతకములు చేయుచున్నాడని తెలిసిన, అతని భార్యాబిడ్డలు ఊరకుందురా?

2022 మార్చిలో కేంద్రము, ఖజానా తీర్చవలసిన సంస్థల అప్పును రాష్ట్రము అప్పుగనే లెక్కింతుమని రాష్ట్రములకు వ్రాసినది. కేరళ రాష్ట్రము ఇది తమ హక్కునకు భంగమని 2023లో సుప్రీముకోర్టు నాశ్రయించినది. 2024 ఏప్రిలు 1వ తేదీన ఆ ప్రశ్నను అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు నివేదించిరి. ఢిల్లీ తాళము న్యాయమా కాదా యనునది పెద్దల వివాదము. నా మాట యేమన, తాళము ఢిల్లీలో నున్నను, అమరావతిలో నున్నను, తాళము వేసిన పెట్టెలో నేమున్నదో గ్రామమునకు తెలియవలెను.

ఈ అప్పు ఎవరిత్తురు? ప్రతి మంగళవారము రిజర్వు బ్యాంకులో రాష్ట్రముల ఋణపత్రముల వేలము జరుగుట ఆచారము. ఈ మంగళవారము ఇన్ని వేల కోట్లు తెచ్చిరి అని పత్రికలు వ్రాయుట మీరు చూచియుందురు. కొనువారు బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్యనిధులు. బ్యాంకులోని సొమ్మెవరిది? మిరపకాయలమ్మి మీరు వేసినది. బీమా ప్రీమియమెవరిది? మీ బిడ్డ పేర మీరు కట్టినది. కావున ఇచ్చువారమును మనమే, పన్నురూపమున తీర్చువారమును మనమే. నడుమ ఖర్చు చేయువారు మాత్రము వేరు. ఇట్టి అప్పును గూర్చి మనకు సంబంధము లేదనుట ఎట్లు?

అట్లని అప్పెల్ల పాపమని నేననను. కాలువ త్రవ్వుటకు తెచ్చిన అప్పు వేరు, కల్యాణమునకు తెచ్చిన అప్పు వేరు అని ప్రతి రైతునకు తెలియును. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము చేతి సొమ్ముతో కట్టబడినది కాదు. ఆ ఎడమ కాలువ నీరే నందిగామ, జగ్గయ్యపేట మెరకలకు, చివరి భూములైనను, వచ్చుచున్నది. 2010లో ఆ కాలువల మరమ్మతునకు ప్రపంచ బ్యాంకు ఋణము వచ్చినది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు అమరావతికి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసినది. ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇంచుమించు అంతయే యిచ్చినది. తెచ్చిన అప్పు ఆయమును పుట్టించి తన్ను తాను తీర్చుకొనునా యనునదే గీటురాయి. నీరు పారించిన అప్పు పంటగ తిరిగి వచ్చును. జీతములకు, పాత వడ్డీకి, ఎన్నికలనాటి వాగ్దానములకు తెచ్చిన అప్పు, అప్పుగనే తిరిగి వచ్చును.

మన పల్లెలలో హరిశ్చంద్ర నాటకము చూడనివారు లేరు. వారణాసి వీథిలో ఋణము తీర్చుటకు రాజు భార్యను, బిడ్డను అమ్మునప్పుడు కన్నీరు పెట్టనివారు లేరు. అందరును హరిశ్చంద్రుని సత్యమును కొనియాడుదురు. నేను లోహితాస్యుని తలచుకొందును. మాట యిచ్చినవాడు తండ్రి. అడిగినవాడు విశ్వామిత్రుడు. తల్లి కొంగు పట్టుకొని కాలకౌశికుని యింట చాకిరికి పోయినవాడు మాత్రము ఏ మాటయు ఇయ్యని పసివాడు. రాష్ట్రపు ఋణపత్రములకు పది, పదునైదు, ఇరువది సంవత్సరముల గడువుండును. నేడు మన బాలల విభాగములో బొమ్మల పుస్తకములు చదువుచున్న బిడ్డలే వానిని తీర్చువారు. వారికి ఓటు లేదు. వారి పక్షమున అడుగవలసినవారము మనమే.

అయినచో మనకును న్యూజెర్సీవలె ఓటు కాగితము కావలెనా? ఈ ప్రశ్నకు నా యుత్తరము నిస్సంకోచముగ చెప్పెదను. హద్దు పెంచునప్పుడు ప్రజలనడుగుట మంచి పద్ధతి. అడుగుదురను భయమే సగము దుబారాను ఆపును. కాని ఓటు మాత్రమే మందు కాదు. ఓటున్న దేశముననే సంస్థల సందు తెరచుకొన్నది. దానిని మూయుటకు అరువది యేండ్లు పట్టినది. లెక్క చదువనివాని చేతిలో ఓటు, గ్రుడ్డివాని చేతిలో దివిటీ. మొదట లెక్క, తరువాత ఓటు.

మన లెక్క ఎట్లున్నదో చూడుడు. 2024 ఎన్నికల వేళ ఒక వేదికపై చెప్పిన రాష్ట్రపు అప్పు వేరు, మరియొక వేదికపై చెప్పినది వేరు. ఆ జూలైలో శాసనసభలో చదివిన శ్వేతపత్రములోని అంకె 9 లక్షల 74 వేల కోట్ల పైచిలుకు. ప్రతిపక్షము వారి లెక్క మరియొకటి. వీరిలో ఎవరో ఒకరు అబద్ధమాడిరని యనుకొనవలదు. ఖజానా చేసిన అప్పు మాత్రమే కలిపిన ఒక అంకె వచ్చును. ఉద్యోగుల భవిష్యనిధి మొదలగు పద్దులలో ప్రభుత్వము వాడుకొన్నది కలిపిన మరియొకటి. సంస్థల హామీ అప్పు కలిపిన ఇంకొకటి. కాంట్రాక్టరులకు, విద్యుత్ సంస్థలకు బాకీయున్న బిల్లులు కలిపిన వేరొకటి. ఏ పద్దు కలిపిరో చెప్పక అంకె చెప్పుట, కొలత చెప్పక పొలము విలువ చెప్పుటవంటిది. కావున అప్పెంత యని అడుగుట చాలదు. ఏయే పద్దులు కలిపిన ఇంత యని యడుగవలెను.

ఈ పత్రములు రహస్యములు కావు. బడ్జెటుతోబాటు ద్రవ్య బాధ్యత ప్రకటనలను శాసనసభలో ఉంచుదురు. కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలువారు రాష్ట్ర ద్రవ్యస్థితిపై నివేదిక వ్రాయుదురు. నెలనెల ముఖ్యమైన అంకెలను ప్రకటింతురు. చదువువారు లేకయే అవి మూలబడుచున్నవి. మనము ఇంటి పన్నుతోబాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టుచున్నాము. ఆ పైసలు కథల పుస్తకములకే యని ఎవరనిరి? 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు, చదువు జనుని పౌరుని చేయునను నమ్మకముతోనే ఆ పనికి పూనిరి.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునకు నాదొక విన్నపము. ఏటేట బడ్జెటు వచ్చిన నెలలో ఒక సాయంకాలము ఋణపఠనమునకు కేటాయింపుడు. పురాణము చదివినట్లు ఒకరు చదువవలెను, ఒకరు అర్థము చెప్పవలెను. గోడకు ఒక నల్లబల్ల తగిలించి నాలుగు వరుసలు వ్రాయుదము: గత సంవత్సరము చివర అప్పు ఎంత, ఈ యేడు క్రొత్తగ తెచ్చినది ఎంత, అందులో కట్టడములకు పోయినది ఎంత, వడ్డీకి పోయినది ఎంత. అయిదవ వరుసలో సంస్థలకిచ్చిన హామీలు. ఈ అయిదు వరుసలును ఏటికేడు ప్రక్కప్రక్కన నిలిచినచో, పదవ తరగతి పిల్లవాడైనను రాష్ట్రము ఎటు పోవుచున్నదో చెప్పగలడు. ఓట్లడుగ వచ్చినవారిని ఆ నల్లబల్ల యెదుట కూర్చుండబెట్టుడు. కోపము వలదు, పక్షము వలదు, నారదునివలె అడుగుదము. హద్దు జరుపునప్పుడు మాకు తెలుగులో చెప్పి జరుపుడని అడుగుదము. ఏ షరతునకు ఒప్పుకొని జరిపితిరని అడుగుదము.

నిజాము కాలమున మన పూర్వులకు అడుగు హక్కు లేదు. చదువు వీలు లేదు. మనకు రెండును ఉన్నవి. శాసనములోని హద్దు కాగితముమీది గీత. దానిని అధికారులు చెరిపి మరల గీయగలరు. లెక్క చదివిన గ్రామము కన్నులలోని హద్దును చెరుపుట ఎవరికిని సాధ్యము కాదు.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ నల్లబల్లపై ఇరువదియైదు వరుసలు నిండియుండుగాక!